వెనక కమాన్ కట్టల అప్‌గ్రేడ్: బెంగళూరులోని పికప్, జీపు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక కమాన్ కట్టలు, అంటే వంచిన ఉక్కు ప్లేట్లు ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు, ఉన్న బండ్ల గురించే ఈ జవాబులు: ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టొయోటా హైలక్స్, టాటా జెనాన్, బొలెరో క్యాంపర్, 2020కి ముందు వచ్చిన థార్, మారుతి జిప్సీ, పాత ఎంఎం 540, 550 జీపులు. 2020 థార్‌కి, జిమ్నీకి వెనక కాయిల్ స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఇందులో చాలా భాగం వాటికి పనికిరాదు.

స్ప్రింగ్ షాపులో మాట "ఎంత లేపాలి సార్?" అని ఎత్తుతో మొదలవుతుంది. మొదలవ్వాల్సింది బరువుతో.

బండి వెనక కుంగింది. కట్టలు పోయినట్టేనా?

కంటిచూపుతో తేల్చకండి, టేపు పట్టండి. బండిని చదునైన నేల మీద నిలపండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో నీళ్లు పోవడానికి వాలు ఇస్తారు, అక్కడ కొలత తప్పుతుంది. నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడిపి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో ఆపి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. ఇప్పుడు హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నిలువుగా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతాయి. నాలుగు మూలలూ కొలిచి, తేదీ వేసి రాసుకోండి. పని అయ్యాక పోల్చుకోవడానికి ఈ నాలుగు అంకెలే ఆధారం.

కొలతయ్యాక కిందికి దూరి చూడండి. ఖాళీ బండిలోనే మెయిన్ ప్లేట్ (అన్నిటికన్నా పైన ఉండే పొడవైనది) తిన్నగా అయిపోయిందా, లేక తిరగబడి పైకి వంగిందా? ప్లేట్ల చివర్లు విడిపోయి మధ్యలో సందు కనిపిస్తోందా? కన్ను (ప్లేట్ చివర గుండ్రంగా చుట్టిన చోటు) దగ్గర, సెంటర్ బోల్ట్ (ప్లేట్లన్నిటినీ మధ్యలో కలిపే బోల్ట్) దగ్గర అడ్డంగా తుప్పు గీత ఉందా? అలాంటి సన్నటి గీత చాలాసార్లు పగులే. వైర్ బ్రష్‌తో రుద్ది చూస్తే తేలిపోతుంది. మెయిన్ ప్లేట్ బాగుండి రెండో ప్లేటో మూడో ప్లేటో విరిగినా బండి ఒక పక్కకి ఒరుగుతుంది. డ్రైవర్ వైపు 5, 10 మిల్లీమీటర్లు తక్కువ ఉంటే కంగారు పడనక్కర్లేదు. 20 దాటితే మాత్రం కారణం వెతకాలి.

ఇవేవీ లేకుండా, క్యానపీయో నీళ్ల ట్యాంకో పెట్టించిన తర్వాతే బండి కుంగితే కట్టలు పోలేదు. వాటి మీద కొత్త బరువు పడింది, అంతే.

బరువు ఎలా లెక్క వేయాలి?

లారీలు తూచే వేబ్రిడ్జికి వెళ్లండి. హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు, ఓల్డ్ మద్రాస్ రోడ్డు, ఎటు వెళ్లినా దొరుకుతుంది. మొదట బండి మొత్తం తూకం వేయించి, తర్వాత ముందు చక్రాలు దించేసి వెనక చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉండేలా నిలిపి ఇంకోసారి వేయించండి. ఆ రెండో అంకే మీకు కావలసింది. ఒకసారి రోజూ తిరిగే స్థితిలో, ఒకసారి ట్రిప్పు సామానంతా ఎక్కించి, మనుషులు కూర్చుని తూచాలి. మొత్తం బరువు మీ ఆర్‌సీలో ఉన్న అంకె దాటితే దాన్ని ఏ కట్టా సరిచేయదు. కట్ట గట్టిపడినంత మాత్రాన యాక్సిల్, బ్రేకులు, ఛాసిస్ మోసే శక్తి పెరగదు.

సామాను ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యం. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 3 మీటర్లు ఉన్న పికప్‌లో, వెనక యాక్సిల్‌కి 1 మీటరు వెనక, అంటే టెయిల్‌గేట్ దగ్గర 100 కిలోలు పెడితే వెనక యాక్సిల్ మీద పడేది 133 కిలోలు. ముందు చక్రాల మీద 33 కిలోలు తగ్గిపోతుంది. అదే 100 కిలోలు క్యాబిన్‌కి ఆనించి పెడితే వెనక యాక్సిల్ మీద 100 కూడా పడదు. నీళ్ల క్యాన్లు, బ్యాటరీ, రికవరీ సామాను క్యాబిన్ వైపుకి జరిపితే చాలామందికి కట్టలు మార్చే అవసరమే రాదు. ఖర్చు లేని పని ఇది. మొదట ఇది చేసి చూడండి.

రోజువారీ బరువుకి ఎంచుకోవాలా, ట్రిప్పు బరువుకా?

రోజూ ఉండే బరువుకి. ఎప్పుడూ 300 కిలోలు మోసేలా తయారైన కట్టని ఖాళీ పికప్‌కి వేస్తే వెనక భాగం అసలు కదలదు. చిన్న గుంతకే చక్రం నేల వదిలేస్తుంది. వానలో ఘాట్ మలుపు మీద తోక జారుతుంది. ఏడాదిలో నాలుగుసార్లు ట్రిప్పుకి వెళ్లి మిగతా రోజులు సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర గడిపే బండి మధ్యరకం కట్టతో, అడుగున హెల్పర్ ప్లేట్‌తో ఉండాలి. హెల్పర్ ప్లేట్ తిన్నగా ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు దేనికీ తగలదు, బరువు పడి పై ప్లేట్లు దిగాకే పని మొదలుపెడుతుంది.

ఎంత దిగుతుందో ముందే లెక్క కట్టవచ్చు. ఒక్కో కట్ట గట్టిదనం మిల్లీమీటరుకి 60 న్యూటన్లు అనుకోండి. వెనక 200 కిలోలు ఎక్కితే పక్కకి 100 కిలోలు, అంటే 981 న్యూటన్లు. 60తో భాగిస్తే సుమారు 16 మిల్లీమీటర్లు. కట్టలు అమ్మేవాళ్లని "ఎన్ని అంగుళాల లిఫ్ట్?" అని కాకుండా "దీని గట్టిదనం మిల్లీమీటరుకి ఎన్ని న్యూటన్లు, ఎంత బరువుకి తయారైంది?" అని అడగండి. ఆ జవాబు లేని కట్టని కొనకపోవడమే మంచిది.

ఉన్న కట్టకి ఇంకో ప్లేట్ ఎక్కిస్తే సరిపోదా?

సరిపోయే సందర్భాలు ఉన్నాయి. పాత కట్ట ఆరోగ్యంగా ఉండి, స్థిరంగా 80, 100 కిలోలు పెరిగితే పొడవాటి ప్లేట్ ఒకటి చేర్చడం చవకైన పరిష్కారం. ఎంత గట్టిపడుతుందో మాత్రం తెలిసి చేయాలి.

కట్ట గట్టిదనం ప్లేట్ల సంఖ్యకీ వెడల్పుకీ నేరుగా పెరుగుతుంది, మందానికి ఘనంలో పెరుగుతుంది, పొడవు పెరిగితే ఘనంలో తగ్గుతుంది. ఒకే మందం ప్లేట్లు 5 ఉన్నచోట 6 చేస్తే పెరిగేది 20 శాతం దాకా. అదే 6 మి.మీ. ప్లేట్ బదులు 7 మి.మీ. వేస్తే ఆ ఒక్క ప్లేటే 59 శాతం గట్టిపడుతుంది. 8 మి.మీ. అయితే రెండింతలు దాటి 2.37 రెట్లు. "సార్, ఒక్క మిల్లీమీటరే కదా తేడా" అనే మాటకి షాపులో తలూపితే తర్వాత నడుము నొప్పి మీదే.

పొట్టి ప్లేట్ వద్దు. మధ్యలోనే గట్టిపడి, దాని చివర ఆనే చోట పై ప్లేట్ మీద ఒత్తిడంతా పోగుపడుతుంది. కొన్నాళ్లకి పై ప్లేట్ సరిగ్గా ఆ గీత మీదే విరుగుతుంది. చేర్చే ప్లేట్ కట్టలోని ప్లేట్ల పొడవుల క్రమంలో ఇమడాలి. దాని వంపు పై ప్లేట్ వంపు కన్నా కొంచెమే ఎక్కువ ఉండాలి, చివర్లు గుండ్రంగానో కోసుగానో నున్నగా ఉండాలి.

షాకిల్ పొడవు పెంచడం, బ్లాక్ పెట్టడం, కొత్త కట్ట: ఏది మేలు?

కొత్త కట్ట. మిగతా రెండూ ఎత్తునిస్తాయి గానీ మోసే శక్తినివ్వవు.

షాకిల్ అంటే కట్ట వెనక కన్నుని ఛాసిస్‌కి కలిపి ఊగే పట్టీ. అది 50 మి.మీ. పొడవు పెరిగితే యాక్సిల్ దగ్గర వచ్చే ఎత్తు దాదాపు సగం, 25 మి.మీ. కట్ట ఒక చివరే పైకి లేస్తుంది కాబట్టి యాక్సిల్ తిరిగి పినియన్ కోణం (గేర్‌బాక్స్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ యాక్సిల్‌కి కలిసే కోణం) మారుతుంది. సన్నటి పట్టీలతో, మధ్యలో అడ్డం లేకుండా చేసిన పొడవాటి షాకిల్ మలుపుల్లో పక్కకి ఊగుతుంది.

బ్లాక్ అంటే కట్టకీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే దిమ్మ, అది ఎంత మందమో అంత ఎత్తు. యాక్సిల్ మీద కట్ట కూర్చునే బండ్లకే అది కుదురుతుంది. కట్టకీ యాక్సిల్‌కీ మధ్య దూరం పెరగడంతో యాక్సిల్ మెలి తిప్పే బలానికి మీట పొడవు పెరుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే కట్ట పాములా వంకర తిరుగుతుంది. వెనక 25 మి.మీ. పోత ఇనుము బ్లాక్ దాకా సరే. బ్లాక్ మీద బ్లాక్ పెట్టడం, కొయ్య బ్లాక్, ముందు యాక్సిల్‌కి బ్లాక్: ఈ మూడూ ఎప్పుడూ వద్దు. బ్లాక్ పక్కకి జారిందంటే యాక్సిల్‌ని పట్టి ఉంచేది ఇంకేమీ లేదు.

పారాబొలిక్ కట్టలు నిజంగా మెత్తగా ఉంటాయా?

ఉంటాయి, కారణం ఇది. మామూలు కట్టలో ఆరేడు ప్లేట్లు పొడవునా ఒకదాన్నొకటి రాసుకుంటాయి, చిన్న గుంతలకి ఆ రాపిడే అడ్డం పడి కట్ట కదలదు. పారాబొలిక్ కట్టలో రెండు మూడు ప్లేట్లే ఉంటాయి. మధ్యలో మందంగా, చివర్లకి సన్నగా సాగి, మధ్యలోనూ చివర్లలోనూ మాత్రమే తగులుతాయి. రాపిడి పోవడంతో కట్ట చిన్న గుంతకి కూడా స్పందిస్తుంది. అయితే ఆ రాపిడి ఊగిసలాటని కొంత ఆపేది కూడా. ఆ పనంతా ఇప్పుడు షాక్ అబ్జార్బర్ మీద పడుతుంది కాబట్టి పాత షాకులతో పారాబొలిక్ వేస్తే బండి పడవలా ఊగుతుంది. ఒక ప్లేట్ విరిగితే మిగిలేవి ఒకటో రెండో అన్నది కూడా గుర్తుంచుకోండి.

పాత కట్టకి మళ్లీ వంపు కొట్టిస్తే?

చల్లగా సుత్తితోనో ప్రెస్‌తోనో వంపు తెస్తే కొన్ని నెలలు నిలుస్తుంది, తర్వాత మళ్లీ దిగుతుంది. అలిసిపోయిన లోహం వంపు తెచ్చినంత మాత్రాన కొత్తదవ్వదు. ఎర్రగా కాల్చి వంచితే ప్లేట్ పదును పోతుంది. మళ్లీ నూనెలో చల్లార్చి, సరైన వేడిలో టెంపర్ చేసే ఫర్నేస్ ఉన్న చోటైతేనే అది అర్థమున్న పని. గ్యాస్ టార్చ్‌తో ఎర్రబెట్టి వంచి, గాలికి వదిలేసే చోట ఇవ్వకండి. 10, 12 ఏళ్ల జిప్సీకి అసలు ప్లేట్లు దొరకనప్పుడు మంచి ఫర్నేస్ షాపులో చేయించవచ్చు. వేరే దారి ఉంటే కొత్త ప్లేట్లే.

ప్లేట్ పగిలితే వెల్డింగ్ పెట్టించవచ్చా?

వద్దు. వెల్డు పక్కన లోహం పెళుసుబారి, అక్కడే మళ్లీ విరుగుతుంది. ప్లేట్‌కి కొత్త రంధ్రం పెట్టడం, గ్రైండర్‌తో గీత పడేలా కోయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

బెంగళూరులో ఎక్కడ చేయించాలి? షాపులో ఏం చెప్పాలి?

బుష్‌లు (కన్నులో కూర్చునే రబ్బరు తొడుగులు), పిన్నులు, షాకులు, నట్లు, బోల్టులకి జేసీ రోడ్డు, కలాసిపాళ్యం. కట్ట కొట్టే పనికి లారీలున్న చోటు చూడండి, యశ్వంతపుర ట్రక్ టెర్మినల్ వైపు. రోజంతా కట్టలే దించి ఎక్కించే చేతులు కారు గ్యారేజీ కన్నా అక్కడే ఎక్కువ దొరుకుతాయి. తెలుగు అర్థం చేసుకునేవాళ్లు కూడా తరచుగా తగులుతారు. ఒక్క జాగ్రత్త: వాళ్లు అలవాటుగా లారీ లెక్కలో ఆలోచిస్తారు, మందమైన ప్లేట్ వేస్తే గట్టిగా ఉంటుందని. కాగితం మీద అంకెలు రాసిచ్చి, అవే కావాలని చెప్పండి.

రాసివ్వాల్సినవి: మెయిన్ ప్లేట్ పొడవు, ముందు కన్ను మధ్య నుంచి వెనక కన్ను మధ్య దాకా వంపు వెంబడి. సెంటర్ బోల్ట్ నుంచి ముందు కన్నుకి ఎంత, వెనక కన్నుకి ఎంత, ఇవి చాలా బండ్లలో సమానంగా ఉండవు. వెడల్పు. ప్రతి ప్లేట్ మందం, టేపుతో కాదు, వెర్నియర్‌తో, తుప్పు గీకేశాక. కన్ను లోపలి వ్యాసం. సెంటర్ బోల్ట్ తల వ్యాసం, ఎందుకంటే అది యాక్సిల్ ప్యాడ్ (యాక్సిల్ మీద కట్ట ఆనే పీట) రంధ్రంలో బిగుతుగా కూర్చోవాలి. ఉక్కు ఏదని అడగండి. ఈఎన్ 45, సప్ 9 లాంటి స్ప్రింగ్ ఉక్కు పేర్లు వినిపించాలి. రెండో ప్లేట్ చివర మెయిన్ ప్లేట్ కన్ను చుట్టూ కొంత తిరిగి వచ్చేలా చేయించండి. మెయిన్ ప్లేట్ కన్ను దగ్గర విరిగినా ఆ రెండో ప్లేట్ యాక్సిల్‌ని పోనివ్వదు. అడవి దారిలో ప్రాణం కాపాడేది అదే.

కట్టలు ఇంట్లో మార్చుకోవచ్చా? వరస ఏమిటి?

ఇద్దరు మనుషులు, చదునైన గట్టి నేల, ఒక పూట సమయం ఉంటే మార్చుకోవచ్చు. కావలసినవి: ట్రాలీ జాకీలు 2, కనీసం 3 టన్నుల జాకీ స్టాండ్లు 2, పొడవాటి బ్రేకర్ బార్, టార్క్ రెంచ్, జీ-క్లాంపులు 2, తుప్పు వదిలించే స్ప్రే, కొత్త యూ బోల్టులు (కట్టని యాక్సిల్‌కి బిగించేవి) 4, వాటికి ఎత్తైన నట్లు 8, గట్టి వాషర్లు 8.

ముందు రోజు రాత్రే షాకిల్ పిన్నులకీ యూ బోల్ట్ మరలకీ స్ప్రే కొట్టి వదిలేయండి. ఉదయం ముందు చక్రాలకి అడ్డాలు పెట్టి, వెనక చక్రాల నట్లు నేల మీదే సడలించి, బండి లేపండి. స్టాండ్లు ఛాసిస్ కింద, కట్ట ముందు హ్యాంగర్‌కి (ముందు కన్ను తగిలించే ఛాసిస్ బ్రాకెట్‌కి) కాస్త ముందు రావాలి. యాక్సిల్ కింద పెడితే పని సాగదు. యాక్సిల్‌ని ట్రాలీ జాకీ మీద ఆనించి ఉంచండి.

ఒకసారి ఒక పక్కే విప్పండి. రెండు పక్కలూ ఒకేసారి విప్పితే యాక్సిల్ జాకీ మీద దొర్లుతుంది, బ్రేక్ పైపు తెగుతుంది. షాక్ కింది బోల్ట్ తీయండి, తర్వాత యూ బోల్టులు. జాకీని కొంచెం దించితే కట్ట మీద బరువు పోతుంది. షాకిల్ పిన్ను, చివరగా ముందు పిన్ను. ఆ ముందు పిన్ను కొన్ని బండ్లలో డీజిల్ ట్యాంకుకి తగిలి బయటికి రాదు. అప్పుడు ట్యాంకు బోల్టులు సడలించి కిందికి దించాలి, పిన్ను కోయొద్దు. దించే కట్ట బరువుని తక్కువ అంచనా వేయకండి, కాళ్ల మీద పడకుండా ఇద్దరూ పట్టుకోండి.

కట్టని విప్పదలిస్తే సెంటర్ బోల్ట్‌కి రెండు పక్కలా జీ-క్లాంపులు బిగించాకే బోల్ట్ తీయండి. లేదంటే ప్లేట్లు ఒక్కసారిగా విడిపోయి చెయ్యి విరిగేంత దెబ్బ కొడతాయి. విప్పే ముందే ఏ చివర ముందో పెయింట్ గుర్తు పెట్టండి. పొట్టి సగం వెనక్కి తిప్పి బిగిస్తే యాక్సిల్ జరిగిపోయి చక్రం ఫెండర్ మధ్యలో ఉండదు.

కొత్త కట్ట ఎక్కించేటప్పుడు ముందు కన్ను, తర్వాత షాకిల్. రెండూ చేతి బిగువులోనే వదిలేయండి. యాక్సిల్ లేపుతూ సెంటర్ బోల్ట్ తల ప్యాడ్ రంధ్రంలో పూర్తిగా దిగిందో లేదో టార్చి వేసి చూడండి. అది అంచు మీద కూర్చున్నా యూ బోల్టులు బిగుసుకుంటాయి, తర్వాత మొదటి గుంతలో జారుతుంది. యూ బోల్టులు నాలుగు నట్లనీ అడ్డగుర్తు వరసలో, మూడు నాలుగు విడతల్లో బిగించండి. చక్రాలు బిగించి, బండి పూర్తిగా నేల మీదికి దించి, రెండుసార్లు ఊపి, అప్పుడు మాత్రమే కన్ను బోల్టులు, షాకిల్ బోల్టులు పూర్తిగా బిగించాలి.

ఆ చివరి బిగింపు నేల మీదే ఎందుకు?

రబ్బరు బుష్ జారదు, మెలి తిరుగుతుంది. బండి గాలిలో వేలాడుతుండగా బిగిస్తే దించగానే బుష్ మెలిపడి అక్కడే ఉండిపోతుంది. రెండు మూడు నెలల్లో చినుగుతుంది, అప్పటిదాకా బండి కావలసిన దానికన్నా ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. కొత్త కట్టలు రాళ్లలా ఉన్నాయనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క తప్పే. బోల్టులు సడలించి, నేల మీద మళ్లీ బిగిస్తే తీరిపోతుంది.

పాలియురెథేన్ బుష్‌లు వేరు. అవి జారుతాయి, కాబట్టి వాటితో ఇచ్చిన గ్రీజే పెట్టాలి. మామూలు రోడ్లకి రబ్బరే మెత్తన, చప్పుడు తక్కువ. బురదలో ఎక్కువ తిరిగే బండికి, గ్రీజు నిపుల్ ఉన్న షాకిల్ పిన్నులతో పాలియురెథేన్ మంచిది. రబ్బరు బుష్‌కి మామూలు గ్రీజు రాయకండి, ఉబ్బి పాడవుతుంది.

యూ బోల్టులు పాతవే వాడొచ్చా?

వాడకండి. బిగించినప్పుడు యూ బోల్ట్ సాగుతుంది, ఆ సాగిన లాగుడే కట్టని యాక్సిల్‌కి అదిమి ఉంచుతుంది. ఒకసారి సాగి, తుప్పు పట్టి, మరలు దెబ్బతిన్నది మళ్లీ అదే లాగుడు ఇవ్వదు. యూ బోల్టులు సడలితే కట్ట నడుమ కదలిక మొదలవుతుంది, ఆ దెబ్బ సెంటర్ బోల్ట్ మీద పడి అది తెగుతుంది, యాక్సిల్ వెనక్కి జరుగుతుంది. సెంటర్ బోల్ట్ తెగిందని కొత్తది వేయించి ఊరుకుంటే మళ్లీ తెగుతుంది. జబ్బు యూ బోల్టులో ఉంది.

గ్రేడ్ కనీసం 8.8, బరువు మోసే బండికి 10.9. యాక్సిల్ గొట్టం గుండ్రంగా ఉంటే గుండ్రటి వంపు, చదునుగా ఉంటే చదరం వంపు. మామూలు మర కడ్డీని వంచి చేసినవి ఒప్పుకోకండి. స్ప్రింగ్ వాషర్ వద్దు, గట్టి చదును వాషర్ చాలు. ఎంత బిగువన్నది మీ బండి సర్వీస్ మాన్యువల్ చూసి వేయండి. మాన్యువల్ దొరకకపోతే 8.8 గ్రేడ్‌లో 12 మి.మీ. బోల్టుకి 80 న్యూటన్ మీటర్ల దగ్గర, 14 మి.మీ.కి 130 దగ్గర అన్నది మామూలు బోల్టుల లెక్క. 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి, 500 దగ్గర ఇంకోసారి, 1000 దగ్గర ఇంకోసారి. కొత్త ప్లేట్ల మధ్య పెయింటు నలిగి పలచబడుతుంది కాబట్టి మొదటి 100లోనే బిగువు బాగా తగ్గుతుంది. బెంగళూరు నుంచి కోలార్ వెళ్లొస్తే ఆ దూరం దాటిపోతుంది, ఇంటికి రాగానే రెంచ్ పట్టుకోండి.

షాకులు కూడా మార్చాలా?

ఎత్తు 25 మి.మీ. లోపు పెరిగి, షాకులు బాగుంటే అక్కర్లేదు. అంతకన్నా పెరిగితే కొలవాలి. షాక్ తీసేసి, బంప్ స్టాపర్ (యాక్సిల్ ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) పూర్తిగా నలిగేదాకా యాక్సిల్ లేపి, పై బోల్ట్ నుంచి కింది బోల్ట్ దాకా కొలవండి. షాక్ మూసుకున్న పొడవు దీనికన్నా కనీసం 20 మి.మీ. తక్కువ ఉండాలి. లేకపోతే బంప్ స్టాపర్ కన్నా ముందు షాకే ఆనుకుని లోపల పగులుతుంది. యాక్సిల్ పూర్తిగా వేలాడనిచ్చి మళ్లీ కొలవండి. షాక్ పూర్తిగా తెరుచుకున్న పొడవు దీనికన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి ఉన్న స్థితిలోనూ చూడండి, ఏటవాలుగా ఉన్న షాక్ అప్పుడే దేనికైనా తగిలేది.

ఇదే సమయంలో బ్రేక్ గొట్టం, డిఫరెన్షియల్ గాలి గొట్టం, ఏబీఎస్ వైరు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ చూసుకోండి. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు ఇవేవీ బిగుసుకోకూడదు.

లిఫ్ట్ తర్వాత బయలుదేరేటప్పుడు వణుకు వస్తోంది. ఎందుకు?

రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే గొట్టం) ఉన్న పికప్‌లలో ఇది మామూలు ఫిర్యాదు. వెనక ముక్క కోణం పెరిగింది. తక్కువ వేగంలో, లాగుతున్నప్పుడు మాత్రమే వణికితే సెంటర్ బేరింగ్ దగ్గర కోణం తేడా. బేరింగ్ బ్రాకెట్‌కీ ఛాసిస్‌కీ మధ్య 10, 15 మి.మీ. స్పేసర్లు వేస్తే చాలావరకు పోతుంది. వేగం పెరిగేకొద్దీ వణుకు పెరిగితే పినియన్ కోణం, క్రాస్ (షాఫ్ట్ కీలు) అరుగుదల, షాఫ్ట్ బ్యాలెన్స్ చూడాలి.

ఫోన్‌లో కోణం కొలిచే యాప్ సరిపోతుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్ ఒకదానికొకటి సమాంతరంగా, 1 డిగ్రీ తేడాలోపు ఉండాలి. తేడా ఉంటే కట్టకీ యాక్సిల్ ప్యాడ్‌కీ మధ్య కోణపు ముక్క వేస్తారు. ఇనుముదే తీసుకోండి, అల్యూమినియంది నలుగుతుంది. దాంతో పాటు సెంటర్ బోల్ట్ పొడవైనది కావాలి.

బ్రేకులు మారినట్టు అనిపిస్తోంది, నిజమేనా?

నిజం కావచ్చు. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వ్‌కి సన్నటి కడ్డీ ఉంటుంది. బండి కుంగితే బరువుందని గుర్తించి వెనక బ్రేకులకి ఒత్తిడి పెంచుతుంది. బండి లేపితే అది ఎప్పుడూ ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకుల్ని తగ్గిస్తుంది. సామానుతో నంది హిల్స్ దిగేటప్పుడు ముందు బ్రేకులు వాసన వస్తే ఇదే. బ్రాకెట్‌ని ఎత్తు పెరిగినంత మేర సర్దాలి. కట్టలు మార్చినవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే, ప్రమాదకరమైనదీ ఇదే.

కట్టలు మార్చకుండా ఎయిర్‌బ్యాగ్ పెట్టుకుంటే?

అప్పుడప్పుడూ ట్రెయిలర్ లాగే బండికి, తక్కువ గాలితో పనికొస్తుంది. కట్ట తన బరువుని ఛాసిస్‌కి రెండు చోట్ల, ముందు హ్యాంగర్ దగ్గరా షాకిల్ దగ్గరా అందిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఆ రెండింటి మధ్య ఒకే చోట తోస్తుంది. టెయిల్‌గేట్ వెనక బరువు వేలాడుతూ, గాలి నిండా కొట్టి, గుంతల దారిలో వేగంగా వెళ్తే ఛాసిస్ వంగడమో పగలడమో అక్కడే జరుగుతుంది. ఓవర్‌లోడ్‌ని దాచడానికి దీన్ని వాడకండి.

షాకిల్ ఏ కోణంలో ఉండాలి?

హ్యాంగర్ పైన, కన్ను కింద ఉన్న అమరికలో, బండి నిలబడి ఉన్నప్పుడు షాకిల్ కింది చివర కొంచెం వెనక్కి వాలి ఉండాలి. చక్రం లేస్తే కట్ట పొడవు సాగి, షాకిల్ వెనక్కీ పైకీ సాఫీగా వెళ్తుంది. వంపు మరీ ఎక్కువున్న కట్ట వేస్తే కన్ను ముందుకి లాక్కుపోయి షాకిల్ నిలువుగానో, ముందుకి వాలో నిలబడుతుంది. అప్పుడు ప్రతి గుంతా బండిని పైకి తంతుంది. పూర్తిగా వేలాడదీస్తే షాకిల్ తిరగబడి ఛాసిస్‌కి ఇరుక్కోవచ్చు కూడా.

జిప్సీకి కట్టని యాక్సిల్ పైకి ఎక్కించడం ఎలా ఉంటుంది?

జిప్సీలో కట్ట యాక్సిల్ కింద ఉంటుంది. పైకి తెస్తే యాక్సిల్ గొట్టం వ్యాసం, కట్ట మందం కలిసి ఎత్తు 100 మి.మీ. దాటిపోతుంది. సరైన పినియన్ కోణంలో కొత్త ప్యాడ్లు వెల్డింగ్, పొడవైన బ్రేక్ గొట్టాలు, షాఫ్ట్ మార్పు, ముందు స్టీరింగ్ డ్రాగ్ లింక్ సర్దుబాటు, యాక్సిల్ మెలి తిరగకుండా ట్రాక్షన్ బార్, అన్నీ కావాలి. పోటీ బండికి అర్థముంది. ఆఫీసుకి తీసుకెళ్లే జిప్సీకి ఈ పని వద్దు.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీ వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే నిలబెట్టింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. అదే కొలతల కట్ట అరిగిపోతే కొత్తది వేయడం మరమ్మతు. పెద్ద ఎత్తు, ప్యాడ్ల వెల్డింగ్ ఆ కోవలోకి రావు. పని మొదలుపెట్టే ముందు ఆర్‌టీఓలో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

కట్టలు కిర్రుమంటున్నాయి. గ్రీజు పెట్టాలా?

ప్లేట్ల చివర్లలో ఉండే ప్లాస్టిక్ ప్యాడ్లు అరిగాయేమో మొదట చూడండి. గ్రీజు పూస్తే మన ఎర్రమట్టి దుమ్ము దానికి పట్టి సానరాయిలా ప్లేట్లని అరగదీస్తుంది. బాగా కడిగి, ఆరాక పొడి సిలికాన్ స్ప్రే కొట్టండి. కిర్రు కన్ను దగ్గర నుంచి వస్తే బుష్, మధ్యలో నుంచి టక్‌మంటే యూ బోల్ట్.

సకలేశ్‌పుర్ దారిలో మెయిన్ ప్లేట్ విరిగితే ఇంటికి ఎలా చేరాలి?

సామాను దించి వేరే బండిలోకి ఎక్కించండి. ఛాసిస్‌ని జాకీతో లేపి, యాక్సిల్‌కీ బంప్ స్టాపర్‌కీ మధ్య గట్టి కొయ్య దిమ్మ దూర్చి, జారకుండా ర్యాట్చెట్ పట్టీతో కట్టండి. ముందు కన్ను దగ్గర విరిగితే యాక్సిల్ వెనక్కి పోతుంది, కాబట్టి గొలుసుతో యాక్సిల్‌ని ముందు హ్యాంగర్‌కి లాగి బిగించాలి. గొలుసు బ్రేక్ పైపు మీదుగా పోకూడదు. వెనక కన్ను విరిగితే రెండో ప్లేట్ కన్ను చుట్టూ తిరిగి ఉన్న బండి నెమ్మదిగా నడుస్తుంది.

సెంటర్ బోల్ట్ తెగి యాక్సిల్ జరిగితే, యూ బోల్టులు కాస్త సడలించి, జాకీతో లేపి, ప్యాడ్ రంధ్రానికి కట్టని ఎదురుగా తెచ్చి మళ్లీ బిగించండి. ఒక 10 మి.మీ. స్ప్రింగ్ సెంటర్ బోల్ట్, దానికి నట్టు, రెండు జీ-క్లాంపులు బండిలో ఉంచుకుంటే ఈ పని చెట్టు నీడలో గంటన్నరలో అయిపోతుంది. తారు రోడ్డు వచ్చినా గంటకి 20 కిలోమీటర్లు దాటకండి. ప్రతి 5 కిలోమీటర్లకీ ఆగి దిమ్మ, గొలుసు చూసుకోండి. ఘాట్ దిగేటప్పుడు లో రేంజ్‌లో దిగండి, బ్రేకు గట్టిగా తొక్కితే విరిగిన వైపు యాక్సిల్ కదులుతుంది.